మూడు కార్బురేటర్లు, ఒక ఓనెజీమ్

లాంగ్ బయూ అనే పిల్లకాలువ ఒడ్డున పుట్టి, ఆ నీళ్ళలోనే రొయ్యలు పట్టి, ఆ రొయ్యలతోనే ఒళ్ళు పెంచిన ఓనెజీమ్ గిడ్రోకి లోకంలో నచ్చేవి రెండే రెండు. ఒకటి తన చెవి, రెండోది తన మోటారు. మిగతా సృష్టినంతా తేలిగ్గా చూసేవాడు. ఒళ్ళొక్కటి మినహాయిస్తే ఆయన దగ్గర అన్నీ తేలికే, ముఖ్యంగా ఎదుటివాళ్ళు.

మోటారంటే మామూలు మోటారు కాదు. పడవ వెనక తగిలించే ఆరు సిలిండర్ల నల్ల దయ్యం. దానికి మూత లేదు, మర్యాద లేదు. లోపలి దారులన్నీ ఆకురాయితో అరగదీసి, పొగగొట్టం సగానికి కోసి, ఫ్యాక్టరీలో చేసిన వాళ్ళు చూస్తే గుర్తుపట్టకుండా చేశాడు. దాని చప్పుడు విన్నవాడికి మోటారు అన్న మాటలో 'మోటు', 'ఆరు' రెండూ ఎందుకున్నాయో ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు వైపు ఒకదాని కింద ఒకటిగా మూడు కార్బురేటర్లు. నూనె కలిపిన పెట్రోల్లో గాలి కలిపి ఒక్కోటి రెండేసి సిలిండర్లకి తిండి పెట్టాలి. ఒక్కోదానికి ఒక సూది మర. మరని కుడికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమకి తిప్పితే పెరుగుతుంది. తగ్గితే మోటారు తుమ్ముతుంది, పెరిగితే దగ్గుతుంది. తుమ్ముకీ దగ్గుకీ మధ్య ఎక్కడో వెంట్రుకంత చోటుంది. ఆ చోటు తన చెవికి తప్ప లూసియానా మొత్తంలో ఇంకెవరికీ వినపడదని ఓనెజీమ్ నమ్మకం. ఆ ఒడ్డున కార్బురేటర్‌కి ఓనమాలు దిద్దింది తనేనని, మిగతావాళ్ళు ఇంకా పలక తుడుచుకుంటున్నారని అనేవాడు.

ఆ ఊళ్ళో ఒకడి గంబో పులుసు కుండలో ఇంకొకడు గరిటె పెడితే క్షమిస్తారు. ఒకడి సూది మరల మీద ఇంకొకడు స్క్రూడ్రైవరు పెడితే మాత్రం రెండు కుటుంబాలు చర్చిలో వేరే వేరే బల్లల మీద కూర్చుంటాయి. అందుకే ఓనెజీమ్ స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఓనెజీమ్ చొక్కా జేబులోనే ఉండేది.

ఏటా వేసవి చివర్లో ఒక ఆదివారం ఫాదరు గారు రొయ్యల పడవల మీద తీర్థం చల్లి దీవిస్తారు. ఆ తర్వాత పోటీ. వంతెన దగ్గర బయల్దేరి, సైప్రస్ చెట్ల మలుపు తిరిగి, మళ్ళీ వంతెన దగ్గరికి రావాలి. మధ్యలో ఎవరి మోటారైనా ఆగిపోతే తెడ్డేసుకుంటూ వెనక్కి రావాలి. వస్తుంటే రెండు ఒడ్ల మీదా ఆడవాళ్ళు గిన్నెల మూతలు వాయిస్తారు. గెలిచినవాడి పేరు క్రిస్మస్ నాటికే మర్చిపోతారు గాని, మూతలు వాయించుకున్నవాడి పేరు మనవళ్ళ దాకా మోగుతుంది.

కిందటి ఏడు ఓనెజీమ్ పడవకి మోగాయి. నడిపింది ఆయన కూతురు జుల్మా. పేరులోనే జులుం ఉన్న పిల్ల. మలుపు దాకా అందరికంటే ముందుండి, మలుపులో మోటారు ఆగిపోతే, పళ్ళు బిగబట్టి తెడ్డేసుకుంటూ వచ్చింది. తండ్రి ఒడ్డునుంచి చెప్పింది ఒకటే మాట: "మోటారు బంగారం. నడిపేది ఇత్తడి."

ఈ ఏడు శుక్రవారం భోజనాల దగ్గర జుల్మా చెంచా కింద పెట్టి చెప్పేసింది.

"నాన్నా, రేపు చీకటి పడేలోగా నీ మోటారు నా కింద ఆగకుండా మలుపు తిరిగి రావాలి. రాకపోతే ఎల్లుండి మావయ్య పడవ ఎక్కుతాను."

ఓనెజీమ్‌కి ముద్ద గొంతులో అడ్డం పడింది. మావయ్యంటే లూఫ్రాయ్ ప్లేసాన్స్, ఆయన సొంత బావమరిది, ఆల్చిప్పల వ్యాపారి. ఓనెజీమ్ తేలిగ్గా చూసేవాళ్ళ వరసలో అందరికంటే ముందు నిలబడ్డవాడు. కూతురు ఇంకెవరి పడవ ఎక్కినా ఆయన ఒక ఏడాది తలదించుకునేవాడేమో. లూఫ్రాయ్ పడవ ఎక్కితే మాత్రం తల తీసి బయూలో పారెయ్యడమే.

"వాడి మోటారా?" అన్నాడు తేరుకుని. "దాన్ని మోటారంటే నా మోటారుకి కోపం వస్తుంది. అది పొయ్యి."

"పొయ్యి అయినా ఆరిపోదు కదయ్యా," అంది ఓడీల్, వడ్డిస్తూనే. ఓనెజీమ్ భార్య. పేరు ఓడీల్ గాని పెళ్ళైన రోజు నుంచి ఆవిడ ఎవరి చేతిలోనూ ఓడింది లేదు.

శనివారం పొద్దున్నే ఓనెజీమ్ పడవని తన రేవులో గుంజకి బిగించి కట్టాడు. వెనక బల్ల మీద కూలబడి, చెంపని కార్బురేటర్ల మీదికి వంచి, మోటారుని గొంతెత్తి అరిపించాడు. పైది, మధ్యది, కిందిది. ముప్ఫై ఏళ్ళుగా అదే వరస. పైదాన్ని తుమ్మేదాకా తిప్పి వెనక్కి తెచ్చాడు. మధ్యదాన్ని దగ్గేదాకా తిప్పి ముందుకి తెచ్చాడు. కిందిదాన్ని కళ్ళు మూసుకుని తిప్పాడు.

అప్పుడే లూఫ్రాయ్ ఆల్చిప్పల బస్తాల ట్రక్కుతో వచ్చి రేవు మీద దిగాడు.

"ఏం బావా, ముద్దు పెట్టుకుంటున్నావా?"

"నీలాగా సుత్తితో ట్యూన్ చెయ్యడం నాకు చేతకాదురా."

"నేను సుత్తి వాడను బావా, డ్రిల్లు వాడతాను. రంధ్రం పెద్దది చేస్తే పెట్రోలు ఎక్కువ పోతుంది. పెట్రోలు ఎక్కువైతే మోటారు చావదు. ఇందులో పెద్ద సంగీతం ఏముంది?"

"చావదు, నిజమే. బతకదు కూడా. నీ మోటారుకి పొగ ఎక్కువ, నీకు పొగరు ఎక్కువ. పొగడ్త మాత్రం ఇద్దరికీ లేదు."

"అమ్మాయికి సీటు కడిగి, కొత్త దిండు వేసి ఉంచానులే," అన్నాడు లూఫ్రాయ్ నవ్వుతూ.

ఓనెజీమ్ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. తాడు విప్పి, తనే పడవని తీసుకుని బయూలోకి దూకించాడు. కొంగలు లేచిపోయాయి. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు చెవులు మూసుకున్నారు. మలుపు దాకా పోయి, తిరిగి, మళ్ళీ రేవుకొచ్చాడు. ఒక్క తుమ్ము లేదు, ఒక్క దగ్గు లేదు.

"విన్నావా?" అన్నాడు రేవు మీద నిలబడి చూస్తున్న కూతురితో. "ఇప్పుడు నువ్వు ఎక్కు. మళ్ళీ ఆగితే లోపం మోటార్లో లేనట్టే లెక్క."

జుల్మా ఎక్కింది. సన్నటి మనిషి, ఎక్కినట్టు పడవకి కూడా తెలియలేదు. మొదట బాగానే పోయింది. వేగం అందుకున్నాక మోటారు ఒక తుమ్ము తుమ్మింది, ఇంకో తుమ్ము తుమ్మింది, మలుపు రాకముందే నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో అవతలి ఒడ్డునుంచి ఎవరో సరదాకి ఒకే ఒక్క మూత వాయించారు.

తెడ్డేసుకుంటూ వచ్చిన కూతురికి ఓనెజీమ్ చెయ్యి అందించలేదు.

"నీ చేతిలోనే తప్పుంది. గుర్రాన్ని గాడిద నడిపితే గుర్రానికీ బద్ధకం వస్తుంది. నీకు మీ మావయ్య పొయ్యే కరెక్టు. అందులో కూర్చుని రొయ్యలు వేయించుకో."

జుల్మాకి కోపం రాలేదు. అదే ఓనెజీమ్‌కి వింతగా అనిపించింది. ఆ పిల్ల పడవనీ తండ్రినీ మార్చి మార్చి చూస్తోంది.

"నాన్నా, నువ్వు కూర్చున్నప్పుడు పడవ ముక్కు ఎక్కడుంది?"

"ముక్కు ఉండాల్సిన చోటే ఉంది."

"ఆకాశంలో ఉంది. నువ్వు వెళ్తుంటే ఇక్కణ్ణించి పడవ పొట్ట కనపడింది. నేనెక్కితే చాపలా పడుకుంటుంది. మావయ్యా, ఒక్కో బస్తా ఇలా పడెయ్."

లూఫ్రాయ్‌కి విషయం అర్థం కాలేదు గాని, బావకి చిరాకు తెప్పించే పనైతే కారణం అడిగే అలవాటు అతనికి లేదు. ఆల్చిప్పల బస్తా ఒకటి తెచ్చి పడవ వెనక భాగంలో, జుల్మా పక్కన దింపాడు. జుల్మా తాడు విప్పి పోయింది. ఇందాక ఆగిన చోటుకంటే కొంచెం ముందుకి పోయి ఆగింది. తిరిగొచ్చింది. ఇంకో బస్తా. ఈసారి మలుపు కనపడేదాకా పోయింది. ఈలోగా వలలవాళ్ళు వలలు వదిలేసి రేవు మీదికొచ్చారు. వంతెన మీద సైకిళ్ళు ఆగాయి.

"ఇంకోటి వెయ్యి లూఫ్రాయ్! ఓనెజీమ్ ఇంకా పూర్తిగా రాలేదు!"

"కాళ్ళొచ్చాయి, పొట్ట రావాలి!"

"పొట్టకి వేరే ట్రక్కు కావాలేమో!"

ఇంకో బస్తా పడింది. పడవ వెనక దిగి, ముక్కు లేచింది. జుల్మా బయల్దేరింది. మోటారు తుమ్మలేదు, దగ్గలేదు. సైప్రస్ మలుపులో కనపడకుండా పోయి, అవతల గర్జించి, మళ్ళీ కనపడి, అంతే ధాటిగా రేవుకొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో తన టోపీ తీసి బస్తాల మీద పెట్టాడు. "నమస్కారం ఓనెజీమ్!" అని బస్తాలకి వంగి మొక్కాడు. ఇంకొకడు బస్తాల దగ్గరికెళ్ళి, "మాట్లాడవేం ఓనెజీమ్? అచ్చు నువ్వే గాని, ఇవాళ కాస్త మర్యాదస్తుడిలా ఉన్నావు," అన్నాడు.

ఓనెజీమ్ నవ్వేవాళ్ళందర్నీ ఒక్కొక్కర్నీ చూశాడు. వీళ్ళలో సగం మందికి కార్బురేటర్ గిన్నెలో ఏముంటుందో తెలియదు. ఆయనకి తెలుసు. గిన్నెలో తేలే బెండు ఉంటుంది, పెట్రోలు ఎంత ఎత్తున నిలబడాలో అదే చెబుతుంది. ఆ బెండ్ల ఎత్తుని ఆయన వంటింటి బల్ల మీద, బల్ల కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టి, రసమట్టంతో సరిచూసి మరీ అమర్చాడు. అలా అమర్చని లూఫ్రాయ్‌ని నలుగురిలో వెక్కిరించాడు కూడా. అంత సమంగా అమర్చినదాన్ని తీసుకెళ్ళి, తన ఒంటితో పడవని వెనక్కి వాల్చి, ఆ వాలులో సూదులు తిప్పాడు. వాలినంతసేపూ పెట్రోలు ఒక పక్కకి చేరి సరిగ్గానే అందుతుంది. పడవ సమమైతే నోటిదాకా వచ్చిన తిండి వెనక్కి జరిగిపోతుంది. మోటారు ఆకలితో చస్తుంది. మూడు కార్బురేటర్లు ఇన్నాళ్ళూ తన చెవి మాట వినలేదు, తన పిర్రల మాట విన్నాయి. బరువూ పరువూ ఒకే పడవలో కూర్చోలేవని, నలుగురూ చూస్తుండగా, బావమరిది బస్తాలతో తేలింది.

ఇదంతా ఆయనకి ఒక్క క్షణంలో అర్థమైంది. అర్థమైన దాన్ని ఒప్పుకోవడం వేరే పని. అది ఆయనకి అలవాటు లేదు.

"బస్తాలతోనే పోటీకి వెళ్ళు," అన్నాడు.

"ఇంత బరువుతోనా? రొయ్యల పడవలు కూడా నన్ను దాటిపోతాయి," అంది జుల్మా.

"అయితే నేను మళ్ళీ తిప్పుతాను. నువ్వు పడవలో కూర్చో. నేను నీళ్ళలో నిలబడి తిప్పుతాను."

బస్తాలు దింపించి, తిప్పాడు కూడా. నడుము లోతు నీళ్ళలో, బురదలో, పడవ వెనక నిలబడి, కట్టేసిన పడవలో కూర్చున్న కూతుర్ని మోటారు అరిపించమని, మొహం మీద పడే నీళ్ళు ఉమ్మేస్తూ తిప్పాడు. బురద ఒక బూటు తీసుకుంది, తిరిగివ్వలేదు. జుల్మా వెళ్ళింది. మలుపులో ఆగిపోయింది. కట్టేసిన పడవ వేరు, పరిగెత్తే పడవ వేరు. అది కూడా ఆయనకి తెలిసిందే.

తెడ్డేసుకుంటూ వచ్చి జుల్మా రేవు పట్టుకుంది. పడవ దిగలేదు.

"పరిగెడుతున్నప్పుడే తిప్పాలి నాన్నా."

"పరిగెడుతున్న పడవలో బరువు లేకుండా నేనెలా ఉంటానే?"

"నువ్వుండవు."

రేవు మీద నవ్వులు ఆగిపోయాయి. అడిగింది ఆయన జేబులోని స్క్రూడ్రైవరునని అందరికీ తెలుసు. ఆ ఒడ్డున తండ్రి బతికుండగా కొడుకు కూడా అడగడు. లూఫ్రాయ్ సైతం ట్రక్కు టైర్లని పరీక్షగా చూడటం మొదలుపెట్టాడు.

ఓనెజీమ్ ఒంటి బూటుతో గట్టెక్కి, ఒక పీతల బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు. బుట్ట మూలిగింది. ఎవరి మీదైనా విసుక్కుందామని చూశాడు. ఓడీల్ వరండాలో నిలబడి ఉంది. ఆవిడ మీద విసుక్కోవడం జరిగే పని కాదు.

"చూస్తావేమయ్యా? ఎండ దిగిపోతోంది," అంది ఓడీల్. "అది నీ పడవలోనే ఉంది ఇంకా. దిగి మా తమ్ముడి పడవలో కూర్చున్నాక ఆలోచిద్దామనుకుంటున్నావా?"

"దానికి చెవి లేదు."

"నీ పోలికే రెండున్నాయి. కాస్త చిన్నవి, అంతే."

"ఒక సూది ఎక్కువ తిప్పిందా, పిస్టన్ కాలిపోతుంది. ఆరు పిస్టన్లు! ఒక్కోదాన్నీ నా చేత్తో..."

"పిస్టన్లు మళ్ళీ దొరుకుతాయి."

ఓనెజీమ్ బయూకేసి చూశాడు. పక్క రేవులో కట్టేసిన లూఫ్రాయ్ పడవలో కొత్త దిండు ఎర్రగా, వెకిలిగా మెరుస్తోంది. చివరికి లేచి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, కూతురి మొహంకేసి చూడకుండా చెయ్యి చాపాడు.

"తీసుకో. నాశనం చేసి తీసుకురా. కాలిన వాసన ఈ ఒడ్డుదాకా వస్తే, వాసన వెనకాలే నేనూ వస్తా."

జుల్మా కృతజ్ఞతలేమీ చెప్పలేదు. చెబితే ఆయన వెనక్కి లాక్కునేవాడే. స్క్రూడ్రైవరు అందుకుని పోయింది.

ఓనెజీమ్ బయూకి వీపు తిప్పి కూర్చున్నాడు. వీపు తిప్పగలిగాడు గాని చెవులు తిప్పలేకపోయాడు. దూరంగా పడవ వెళ్తోంది, వస్తోంది, మళ్ళీ వెళ్తోంది. ఒక్కసారిగా ఆయన లేచి నిలబడ్డాడు.

"కిందిదానితో మొదలుపెట్టింది! విన్నావా? కిందిదానితో!"

"అయితే ఏంటి?" అంది ఓడీల్.

"పైదానితో మొదలెట్టాలి! ఎవరైనా పైనుంచే మొదలెడతారు!"

"ఇల్లు పైకప్పునుంచి కడతారా?"

"నువ్వు వంట చూసుకో!"

మధ్యది దగ్గింది. ఓనెజీమ్ చెయ్యి దానంతటదే గాలిలో కుడికి తిరిగింది. "తగ్గించు, తగ్గించవే మొద్దూ," అని గొణిగాడు. అంత దూరాన ఉన్న మొద్దుకి వినపడలేదు గాని, దగ్గు తగ్గింది. పైది తుమ్మింది. ఓనెజీమ్ చెయ్యి ఎడమకి తిరిగింది. తుమ్ము ఆగింది. రేవు మీద మిగిలిన నలుగురూ, ఒక పెద్దమనిషి ఒంటి బూటుతో, ఎవరూ లేని గాలిని స్క్రూడ్రైవరు లేకుండా ట్యూన్ చేస్తుంటే చూసి, మర్యాదకి నవ్వకుండా ఉండిపోయారు. అలా ఎంత సేపు గడిచిందో గాని, ఒకసారి వెళ్ళిన చప్పుడు మలుపు దాటి, ఆగకుండా, అంతే గొంతుతో తిరిగొచ్చింది. చీకటి ఇంకా పడలేదు. జుల్మా రేవు దగ్గర మోటారు ఆపి, రాత్రి తిండికి ఇంట్లోకి పోయింది. లూఫ్రాయ్ తన పడవలోంచి ఎర్ర దిండు తీసి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం ఫాదరు గారి తీర్థం పడవలకంటే జనం మీదే ఎక్కువ పడింది. జెండా ఊపే ముసలాయన తెయోఫీల్ దార్దార్ వంతెన మెట్ల మీద నిలబడి ఊపాడు. పది పడవలు ఒక్కసారి అరిచాయి. లూఫ్రాయ్ పడవ మొదటి క్షణంలోనే తన పొగలో తనే మాయమైపోయింది. లోపలెక్కడో అతను ఉన్నాడని దగ్గు వినపడ్డప్పుడే తెలిసేది. జుల్మా మలుపులోకి రెండోదిగా వెళ్ళింది. ఒడ్ల మీద మూతలు పట్టుకున్న చేతులు పైకి లేచాయి. ఓనెజీమ్ కళ్ళు మూసుకున్నాడు. మలుపు అవతల మోటారు ఒక్కసారి గరగరమంది. ఆగలేదు. రెండోదిగానే వచ్చింది. చెరమీ వాళ్ళ కుర్రాడు పడవ పొడవంత ముందు వచ్చి గెలిచాడు. మూతలు ఎవరికీ మోగలేదు. ఆడవాళ్ళు నిరాశగా వాటిని మళ్ళీ గిన్నెల మీద పెట్టేశారు.

దార్దార్ జెండా చుట్టుకుంటూ దిగి వచ్చాడు. చుట్టూ జనం ఉన్నారు. జుల్మా కింద పడవని కడుతోంది.

"ఓనెజీమ్, గొంతు మారింది నీ మోటారుకి. ఈ ఏడు దాన్ని కొత్తగా పాడించావే. ఏం చేశావు?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం మనిషికి దొరకదు. నిన్న రేవు మీద చూసినవాళ్ళు కొందరే. ముసలాయనకి తెలియదు. అవతలి ఒడ్డు వాళ్ళకి తెలియదు. ఓనెజీమ్ నోరు తెరిచాడు.

"నేనేం చెయ్యలేదు. ఎవరో గాడిద తిప్పింది," అన్నాడు. "మధ్యదాంట్లో పెట్రోలు ఎక్కువ పోతోంది. మలుపులో గరగరలాడింది, వినలేదూ? నీకూ చెవులు పోయాయా?"

"గాడిదా? నీ సూదుల మీద చెయ్యేసిన గాడిద ఎవరయ్యా?"

"నా కూతురు. ఇంకెవరు? అంత అన్యాయంగా తిప్పి, ఆగకుండా తిరిగొచ్చే పొగరు ఈ బయూలో ఇంకెవరికుంది?"

కిందనుంచి, తాడు ముడి మీంచి తల ఎత్తకుండా, జుల్మా అంది:

"కావాలనే ఎక్కువ ఉంచాను నాన్నా. మలుపులో పడవ వంగినప్పుడు తిండి తగ్గకూడదని. లేకపోతే అక్కడే ఆగేది."

ఓనెజీమ్ దాని గురించి ఆలోచించాడు. మలుపులో పడవ పక్కకి వంగుతుంది. నిజమే. గిన్నెలో పెట్రోలు పక్కకి పోతుంది. అదీ నిజమే. దీనికి ఒక వెక్కిరింపు వెతికాడు. లోపల ఎప్పుడూ నిండుగా ఉండే గిన్నె అడుగంటినట్టుంది, ఒక్క చుక్క కూడా అందలేదు. అప్పుడే పొగలోంచి, కళ్ళు నలుపుకుంటూ, మసి మొహంతో లూఫ్రాయ్ ఒడ్డెక్కాడు.

"ఏం నవ్వుతావురా?" అన్నాడు ఓనెజీమ్, ప్రాణం లేచొచ్చినట్టు.

"నేను నవ్వట్లేదు బావా. కళ్ళు మండుతున్నాయి."

"అదే చెప్తున్నా. నువ్వు నవ్వినా ఏడ్చినా ఒకలాగే ఉంటావు. పోయి మొహం కడుక్కో. తర్వాత ఆ డ్రిల్లు పట్టుకుని నా కూతురి దగ్గరికి రా. అది చెబుతుంది, ఏ రంధ్రం మూయాలో."